మజ్జిగకుండ మీద పడ్డ చూపు

గురువవ్వ ఎవరి ప్రశ్నకూ కూర్చున్నచోట జవాబు చెప్పేది కాదు. అడిగింది వినేది, తమలపాకు ఈనె తీసుకుంటూ కాసేపు ఊరుకునేది, ఆ తర్వాత "నా కర్ర ఇట్లియ్యి" అనేది. కర్ర అడిగిందంటే జవాబు ఆమె మఠంలో లేదనీ, ఊళ్ళో ఎక్కడో ఉందనీ, అక్కడిదాకా నడవాలనీ శిష్యులకు అర్థం. పోయినచోట ఆమె బోధ చేస్తుందని కూడా ఎవరూ ఆశపడేవాళ్ళు కాదు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒక బడిపంతులును చింతపండు కొట్టే ఇంటికి తీసుకుపోయి, పొద్దుగూకేదాకా గింజలు తీయించి పంపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పంతులు మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. మిగిలిన శిష్యులు చేతులకు కాయలు కాసినవాళ్ళే గనుక వాళ్ళకు ఈ పద్ధతి బాగానే సరిపోయింది.

ఆ శిష్యుల్లో సుంకులమ్మ ఒకతె. కుమ్మరి ఇంటి కోడలు. సారె తిప్పేది ఆమె మొగుడు నరసయ్యే అయినా, పచ్చికుండను చెక్కతో తట్టి తట్టి దానికి కడుపు తెచ్చేది ఆమె. గోడ ఎక్కడ గోరంత మందంగా ఉందో అరచేతితో తడిమి చెప్పేసేది. మామూలుగా నలుగురిలో నవ్వుతూ పేలుతూ తిరిగే మనిషి. అలాంటిది పుష్యమాసంలో ఒక సాయంత్రం కొంగు కనుబొమల దాకా లాక్కుని మఠానికి వచ్చి, గడప పక్కన ఒదిగి కూర్చుంది. కొన్నాళ్ళుగా ఆమె అలాగే తిరుగుతోంది. కట్టుకొయ్య దగ్గరి దూడను చూడదు. చంటిబిడ్డ ఏడిస్తే తల పక్కకు తిప్పుకుంటుంది. ఎదురొచ్చిన మనిషి ముఖం చూడదు. సుంకులమ్మ కన్ను చెడ్డదని ఊరు అంటోంది మరి. ఊరు అనడం ఒక ఎత్తు, ఆరబెట్టిన కుండలకేసి చూడ్డానికి తనకే భయం వేయడం ఇంకో ఎత్తు. ఏ కుండైనా బీటవేస్తే అది తన చూపు వల్లనేనేమో అనుకునేదాకా వచ్చింది ఆ పిచ్చితల్లి.

జరిగింది ఇది. వీధి మొదట్లో చౌడమ్మగారి ఇల్లు. మూడు బర్రెల పాడి. ఆ ఇంట్లో మజ్జిగ చిలకడమంటే చిన్న పండుగ చేసినట్టే, అన్ని కట్టుబాట్లు. కవ్వానికి పసుపు పూయందే తాడు చుట్టరు. వెన్న పడకముందు వెన్న మాట ఎత్తరు. వేణ్ణీళ్ళు ఒక్క చుక్క కుండలో పడినా బర్రెల పొదుగులు ఎండిపోతాయని చౌడమ్మ అత్తగారి కాలం నుంచీ నమ్మకం. కవ్వం ఆడుతుండగా గడప దాటిన మనిషి ఎవరైనా సరే, తాడు పట్టి నాలుగు గుంజులు గుంజాలి. గుంజకుండా పోతే వెన్న ఆ మనిషి వెంట పోతుందట. తాడు ఎవరి చేతిలో ఉండగా వెన్న పడితే మొదటి ముద్ద వాళ్ళ చేతిలో పెట్టాలి. ఇదంతా వసారాలో, ఎండ లోపలికి వచ్చి కుండ మీద పడే వేళకు జరిగేది. మార్గశిరంలో వాళ్ళ పాత కుండ మెడ పగిలితే సుంకులమ్మ కొత్తది చేసి ఇచ్చింది. పుష్యం మొదట్లో ఒక ఉదయం ఆమె మజ్జిగకు పోయి, ఎప్పటిలాగే తాడు అందుకుని, కుండలో నురుగు చూసి, "అబ్బ, ఈపొద్దు ముంతెడు వెన్న పడేట్టుందే!" అనేసింది. అనకూడని మాట. నోరు జారింది, అంతే. ఆ రోజు మంచు విడవలేదు, ఎండ వసారాకు రాలేదు, వెన్న పడలేదు.

సుంకులమ్మ కన్ను తగిలిందని చౌడమ్మ తేల్చేసింది. కన్ను తగిలితే ఆ కంటపడకుండా చిలకాలి కదా. మర్నాడు కోడలు తులశమ్మను సుంకులమ్మ వచ్చేలోగా, తెల్లవారకముందే లేపి తాడు చేతికిచ్చింది. వెన్న పడలేదు. ఆ మర్నాడు ఇంకా ముందే, మొదటి కోడి కూసిన వేళకే లేపింది. నురుగు తప్ప ఏమీ లేదు. కుండ మెడకు బొగ్గుముక్క కట్టారు, పొయ్యిలో ఎండుమిరపకాయలు వేశారు, గుంజకు వేపమండ చెక్కారు. తొమ్మిది రోజులు చిలికినదంతా కుడితితొట్టి పాలయింది. తులశమ్మ భుజాలు వాచిపోయాయి. పదో రోజు చౌడమ్మ కుమ్మరివాళ్ళ ఇంటికి కబురు పంపింది. రేపు మిట్టమధ్యాహ్నం తన వాకిట్లో, వీధి ఆడవాళ్ళందరి ముందర, సుంకులమ్మ "నా కన్నే తగిలింది, వెనక్కి తీసుకుంటాండా" అని కుండ ముందు మూడుసార్లు ఉమ్మాలి. అందరూ చూస్తుండగా అక్కడే చిలుకుతారు. ఆ మాట అంటే ఎండాకాలం కుండలు మొదట తామే తీసుకుంటామనీ, అనకపోతే ఆ ఇంటి కుండ ఊళ్ళో ఏ ఇంట్లోనూ దిగదనీ చెప్పి పంపింది. చౌడమ్మ కొననిది ఆ వీధిలో ఇంకెవరూ కొనరు. కుండల ఆవం కాల్చడానికి ఇంకా వారమే ఉంది.

"మా ఇంటాయన అనేసి రమ్మంటాండాడు" అంది సుంకులమ్మ, మఠం నేలమీద వేలితో గీతలు గీస్తూ. "ఒక్క మాట, మూడు ఉమ్ములు, దాంతో పీడా పోతుందంటాడు. అవ్వా, చేయని తప్పు ఒప్పుకుంటే బతుకు నిలబడుతుంది. ఒప్పుకోకపోతే కుండలన్నీ ఇంట్లోనే పడి ఉంటాయి. ఒప్పుకునేదా, వద్దా?"

గురువవ్వ ఒక ఆకు ఈనె తీసింది, రెండో ఆకు ఈనె తీసింది. వినపడలేదేమో అని సుంకులమ్మ మళ్ళీ అడగబోయింది. అప్పుడు గురువవ్వ గోడకు ఆనించిన కర్రకేసి చూసి, "రేపు చౌడమ్మ కోడలు లేచే వేళకు నువ్వూ లెయ్యి. వచ్చి నా కర్ర ఇయ్యి" అంది.

చెప్పిన ప్రకారమే తెల్లవారుజామున ఇద్దరూ బయలుదేరారు. తూర్పున కాస్త తెలుపు పడుతోంది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తున్నంత చలి. చౌడమ్మ ఇంటి వసారాలో గుంజకు కట్టిన కవ్వం గళగళమని ఆడుతోంది. తులశమ్మ కళ్ళు మూసుకునే తాడు గుంజుతోంది. వాకిట్లో మనుషుల అలికిడి విని చౌడమ్మ దుప్పటి కప్పుకుని బయటికి వచ్చింది. గురువవ్వ వెనక కొంగు ముసుగేసుకున్న మనిషి ఎవరో చూసి ఆమె ముఖం కందగడ్డయింది.

"గురువవ్వా, నువ్వు ఏ వేళకొచ్చినా నా ఇల్లు నీదే. ఆ మనిషిని ఎందుకు తెచ్చినావు? మధ్యాహ్నం రమ్మంటిమి గదా?"

"నాకు మజ్జిగ తాగాలనిపించింది. ఈమె కర్ర పట్టుకొని వచ్చింది" అంది గురువవ్వ, అరుగు మీద చతికిలబడుతూ.

"వెన్నే పడలేదు, మజ్జిగ ఎట్లిచ్చేది?"

"పడేదాకా కూచుంటా. నాకేం తొందర?"

పెద్దావిడను పొమ్మనడానికి చౌడమ్మకు నోరు రాలేదు. సుంకులమ్మ మాత్రం గడప బయటే, గోడకు ఒదిగి, తల వంచుకుని నిలబడి ఉంది. లోపల కవ్వం చప్పుడు వింటూనే ఆమె చెవి ఊరుకోలేదు. చిలికే మజ్జిగకు కాసేపటికి బరువు రావాలి, చప్పుడు మందం కావాలి. ఇది మొదట ఎలా ఉందో ఇంకా అలాగే పలచగా, నీళ్ళు చిలికినట్టు ఉంది. గురువవ్వ అటు తిరిగైనా చూడకుండా, "ఆ కుండ నువ్వు చేసిందే గదా? అంత దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది?" అంది.

సుంకులమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత గడప దాటింది. చౌడమ్మ "ఏయ్, ఏయ్" అంటుండగానే పోయి కుదురు పక్కన గొంతుక్కూర్చుని, అలవాటు కొద్దీ కుండ కడుపు మీద అరచేయి ఆనించింది. ఆనించి, ఉలిక్కిపడి తీసేసింది. ఏటిలో రాయిని ముట్టుకున్నట్టుంది. కొత్త కుండ, ఇంకా జిడ్డు పట్టలేదు, ఒళ్ళంతా చెమట పోసి చల్లబడింది. పైన ఈ చలి. పాత కుండ ఏళ్ళ తరబడి వెన్న తాగి నున్నబడింది, దానికి చెమట పట్టేది కాదు. దాన్ని ఎండ వచ్చాక చిలికేవాళ్ళు. దీన్ని తన కంటపడకుండా దాచి దాచి రోజురోజుకూ ఇంకా చలిలోకి తోశారు. ఇంత చల్లటి పెరుగులో వెన్న ఎక్కడినుంచి కూడుకుంటుంది?

ఆ వెంటనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. మధ్యాహ్నం రమ్మన్నారు. మిట్టమధ్యాహ్నం, ఎండలో, వాకిట్లో. అప్పటికి కుండ వెచ్చబడుతుంది, ఎవరు చిలికినా వెన్న పడుతుంది. తను ఆ మాట అనీ అనగానే, ఉమ్మీ ఉమ్మగానే, అందరి కళ్ళముందూ ముద్దగా తేలుతుంది. ఇక సుంకులమ్మ కన్ను చెడ్డదన్న మాటకు ఊరంతా సాక్ష్యం. ఆమె బతికినన్నాళ్ళూ ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా, ఎవరి దూడ చచ్చినా ఆ సాక్ష్యమే చెబుతారు. ఇంకో ఆరు గంటలు ఆగితే తన నోటితో తనే తన మెడకు ఉరి వేసుకునేది. ఇన్నాళ్ళూ ఆమెకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు కోపం వచ్చింది. ఆ కోపం ఎంత సుఖంగా ఉందో ఆమెకే తెలుసు.

"తులశమ్మా, నీళ్ళకాగు మండుతాందా? చెంబెడు గోరువెచ్చటి నీళ్ళు తే" అంది.

"వేణ్ణీళ్ళా!" చౌడమ్మ గుండెలు బాదుకుంది. "నా పాడి మొత్తం ఎండగొట్టేదానికి వచ్చినావే? నాకు నీ నోటి మాట కావాల, నీళ్ళు కాదు."

"ఆ మాట నా నోట రాదు చౌడమ్మక్కా. ఇప్పుడు రాదు, మధ్యాహ్నమూ రాదు. నీ కట్టుబాటు నేనేమీ తప్పను. కుండలో ఒక్క చుక్క పోయను. బయట పోస్తా. ఈ కుండ నా చేతిది. దీని కడుపు మీద నీళ్ళు పోసేదానికి నాకెవరి సెలవూ అక్కరలేదు."

చౌడమ్మ కోడలికేసి కళ్ళురిమి చూసింది. తులశమ్మ తాడు వదిలి లేచింది. అత్తగారి ముఖం చూడలేదు. వాచిన భుజం ఒత్తుకుంటూ పెరట్లోకి పోయి, చెంబుతో నీళ్ళూ ఒక పాత తువ్వాలూ తెచ్చి సుంకులమ్మ పక్కన పెట్టింది. కాపురానికి వచ్చిన ఆరేళ్ళలో ఆ పిల్ల అత్తను అడగకుండా చేసిన మొదటి పని అదేనని తర్వాత వీధిలో అనుకున్నారు.

సుంకులమ్మ తువ్వాలు తడిపి కుండ చుట్టూ చుట్టింది. చల్లారగానే మళ్ళీ తడిపింది. మూడోసారి చెయ్యి ఆనించి చూసి, చాలనుకుని తాడు అందుకుంది. "గడప దాటినాను. నాలుగు గుంజులు నావి. మీ ఇంటి కట్టుబాటే" అంది. సుంకులమ్మ ముసుగు వెనక్కి తోసేసి, తల వంచి, రెండు కళ్ళూ కుండలో పెట్టి చిలకసాగింది. రెప్ప వేయకుండా చూసింది. తొమ్మిది రోజులు దాచుకున్న చూపంతా ఆ నురుగు మీద గుమ్మరించింది. నాలుగు గుంజులు నలభై అయ్యాయి. చప్పుడు మందం అయింది. తాడు బరువెక్కింది. నురుగు విరిగి, ఆవగింజల్లాంటి పలుకులు కవ్వం చుట్టూ తిరిగి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని, తెల్లగా తేలాయి. తులశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

చౌడమ్మ కుండలోకి తొంగి చూసింది. ఆమె చెడ్డమనిషి కాదు, ఓడిపోవడం చేతకాని మనిషి. తేరుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. "చూసినావా గురువవ్వా! పెట్టిన దిష్టి పెట్టిన మనిషే తీసుకుంది. అందుకే తన కంటి ముందరే పడింది. సరే, పోనీ, మధ్యాహ్నం రానక్కరలేదులే" అని, చెయ్యి కడుక్కుని, మొదటి ముద్ద తీసి సుంకులమ్మ ముందుకు చాచింది.

సుంకులమ్మ చెయ్యి చాచలేదు. "దిష్టి తీసినందుకైతే నాకొద్దు. తాడు గుంజినందుకైతే పెట్టు."

వెన్నముద్ద ఇద్దరి మధ్యా ఆగిపోయింది. చౌడమ్మ వేళ్ళ సందుల్లోంచి మజ్జిగ చుక్కలు నేలమీద పడుతున్నాయి. చివరికి ఆమె ముద్దను ముంతలో వేసి, గురువవ్వకు మజ్జిగ పోయడానికి లోటా వెతుక్కుంటూ లోపలికి పోయింది. గురువవ్వ లోటా నిండా తాగి, మూతి తుడుచుకుని, బాగుందని చెప్పి లేచింది. మఠం గుమ్మంలో సుంకులమ్మ చేతిలోని కర్ర అందుకుని లోపలికి పోయింది.

రానక్కరలేదన్నా సుంకులమ్మ మధ్యాహ్నం చౌడమ్మ వాకిటికి పోయింది. నరసయ్య వద్దు వద్దని వీధి మలుపు దాకా వెంటబడి, అక్కడ ఆగిపోయాడు. ఆడవాళ్ళు పాతికమంది దాకా చేరి ఉన్నారు. దిష్టి తెల్లవారుజామునే తీసేసుకుందన్న కబురు అప్పటికే పాకింది. కొందరు ఆమెను చూసి బిడ్డలను కొంగుల కిందికి లాక్కున్నారు. సుంకులమ్మ వాకిలి మధ్యలో నిలబడింది. "రమ్మన్నారని వచ్చినాను. నేనేమీ పెట్టలేదు, ఏమీ తీసుకోలేదు. కొత్త కుండ చెమట పోసింది, చలికి పెరుగు బిగుసుకుంది. చెయ్యి పెట్టి చూసింటే మొదటినాడే తెలిసేది. ఇవీ నా కళ్ళు. చూసుకోండి" అని, ఒక్కొక్కరి ముఖంలోకీ ఒకరి తర్వాత ఒకరుగా చూసింది. చౌడమ్మ ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. కొందరు తల తిప్పుకున్నారు. కొందరు తిప్పుకోలేదు. "ఎండాకాలానికి కుండలు కావాలంటే వారం తర్వాత రండి. అక్కరలేదంటే మానుకోండి" అని చెప్పి వెనక్కి తిరిగింది. వీధి చివరికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. తులశమ్మ. "నీళ్ళకుండ ఒకటి నాకుంచు సుంకులక్కా" అని, ఒగర్చుతూ, ఆమె కళ్ళలోకే చూసి చెప్పి పోయింది.

ఆ సాయంత్రం సుంకులమ్మ మఠానికి వచ్చింది. గడప దగ్గర కూర్చోలేదు, ఎదురుగా వచ్చి కూర్చుంది. "అవ్వా, సగం మందికి ఇంకా నమ్మకం కుదరలేదు. చౌడమ్మ ఇప్పటికీ దిష్టేనంటాంది. కుండలు ఎన్ని పోతాయో, ఎన్ని మిగుల్తాయో తెలీదు. ఒప్పుకునేదా వద్దా అని నిన్న అడిగితే నువ్వు చెప్పనే లేదు. నేను చేసింది సరేనా, కాదా? ఇప్పుడన్నా చెప్పు" అని నిలదీసింది.

గురువవ్వ చేతిలోని తమలపాకు పక్కన పెట్టింది. కర్ర మూలనే ఉంది, ఆమె దాన్ని అడగలేదు. ఎదుట తన కళ్ళలోకే సూటిగా చూస్తున్న శిష్యురాలిని కాసేపు చూసి, తృప్తిగా తలూపింది.

"నిన్న నేలను చూసి అడిగినావు" అంది.